వాగ్దాన వచనాన్ని అధ్యాయంతో కలిపి చదవండి

కొత్త సంవత్సరపు ఆరాధనలో చేతికందిన వాగ్దాన కార్డును (ఆ ఏడాదికి దేవుని వాగ్దానంగా ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే కార్డును) బైబిలులో దాచుకునే ముందు, ఆ వచనం ఉన్న అధ్యాయాన్ని మొదటి నుండి ఒకసారి పైకి చదవండి. గుంటూరు బ్రాడీపేటలో బుధవారం సాయంత్రాలు ఒక ఇంట్లో చాపలు పరచుకుని కూర్చునే మా వాక్య ధ్యాన కూడికలో ఈ అలవాటు నాకు అబ్బింది. “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను” అన్న ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోని 4:13ను (4వ అధ్యాయం, 13వ వచనం) నేను ఏళ్ల తరబడి పరీక్షల్లో, ఉద్యోగ ప్రయత్నాల్లో గెలుపు కోసమే పట్టుకున్నాను. ఒకనాడు ఒక పెద్దావిడ దానికి ముందున్న వచనాన్ని ఒక్కో పదం మీద వేలు పెట్టి చదువుతూ, “ఆకలిగొనియుండుటకును” అన్న చోట కాసేపు ఆగిపోయారు. బంధకాలలో, అంటే చెరలో, ఉండి ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు, కడుపు నిండినా పస్తున్నా తృప్తితో ఉండడం గురించి అక్కడ రాశాడని అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు; గెలుపు కంటే ఇది ఎంతో లోతైన ధైర్యమని నా నమ్మకం. పాత అనువాదపు భాష పిల్లలకు కష్టమైతే వాడుక భాషలోని అనువాదాన్ని పక్కన పెట్టుకోవచ్చు. చదవడం ముగిశాక వెంటనే వివరణకు దిగకుండా రెండు నిమిషాలు మౌనంగా ఉండి, ఏ మాట మనసుకు తగిలిందో ఒక్కొక్కరినీ చెప్పమనండి. చదువు రాని వారిని ముందుగా అడగండి, ఎందుకంటే వారు వాక్యాన్ని చెవితోనే పట్టుకుంటారు.