ఒక సామాజిక సంస్థను సమాజశాస్త్ర దృష్టితో పరిశీలించడం ఎలా?

సమాజం, సామాజిక సంస్థలు, సామాజిక నియంత్రణ (మనుషులు నియమాలకు లోబడేలా సమాజం చూసుకునే తీరు) అనే భావనలను పాఠ్యగ్రంథాలు వేర్వేరు అధ్యాయాల్లో బోధిస్తాయి. అందువల్ల నిర్వచనాలన్నీ కంఠతా వచ్చిన విద్యార్థి కూడా, కళ్ళెదుట జరిగే ఒక మామూలు సంఘటనకు వాటిని అన్వయించమంటే తడబడతాడు. నిజానికి ఈ మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఎవరూ పక్కన నిలబడి బలవంతపెట్టకపోయినా, ఒకరినొకరు ఎరుగని వేలాది మంది ఒక క్రమంలో ఎలా మెలగగలుగుతున్నారు? ఈ ప్రశ్నను వదలకుండా ఏ సందర్భాన్నయినా ఎలా విశ్లేషించవచ్చో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా చిన్న సందర్భాన్ని ఎంచుకోండి. కుటుంబం, మతం, రాజ్యం వంటి విస్తారమైన అంశంతో మొదలుపెడితే, మనకు అప్పటికే ఉన్న అభిప్రాయాలు తప్ప కొత్త సంగతి ఏదీ కాగితం మీదికి రాదు. టికెట్ కౌంటర్ ముందు నిలబడిన వరుస గానీ, తరగతి మొదలైన తొలి పది నిమిషాలు గానీ చాలు. అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో రాసుకున్న తరువాత, వెంటనే తోచే వ్యక్తిగత కారణాలను, అంటే ఇతను మంచివాడు, ఆమెకు ఓపిక ఎక్కువ వంటి మాటలను, కాసేపు పక్కన పెట్టాలి. ఆ స్థానంలో మరొకరు ఉన్నా దాదాపు ఇలాగే నడుచుకునేవారా అని అడగండి. అవును అన్న సమాధానం వస్తే, మీ పరిశీలన వ్యక్తిని దాటి సమాజం దాకా వచ్చిందన్నమాట. సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1895లో సామాజిక వాస్తవాలను నిర్వచించినప్పుడు చెప్పిన లక్షణాలు ఇవే: అవి వ్యక్తికి వెలుపల ఉంటాయి, వ్యక్తి మీద ఒత్తిడి తెస్తాయి.

ఆ ఒత్తిడి మామూలుగా కనిపించదు. నియమం ప్రకారం నడుచుకుంటున్నంత సేపూ అది ఉన్నట్టే తెలియదు కనుక, నియమం ఎక్కడ తప్పిందో ఆ చోటనే చూపు నిలపాలి. సమాజశాస్త్రవేత్త హెరాల్డ్ గార్ఫింకెల్ తన విద్యార్థులను కొద్దిసేపు సొంత ఇంట్లోనే అద్దెకు దిగినవారిలా, అతి మర్యాదగా, అడిగితే తప్ప మాట్లాడకుండా ప్రవర్తించమన్నాడు. వారు చేసినదాంట్లో నేరం లేదు, అసభ్యత అంతకన్నా లేదు. అయినా ఇంట్లోవారు కంగారుపడ్డారు, కోపగించుకున్నారు, ఒంట్లో బాగాలేదా అని నిలదీశారు. కుటుంబంలో చనువు అన్నది ఇష్టాయిష్టాలకు సంబంధించినది మాత్రమే కాదనీ, అది కూడా పాటించి తీరవలసిన నియమమేననీ ఆ కోపమే బయటపెట్టింది.

వరుసను ఇదే పద్ధతిలో చూద్దాం. ఒకతను మధ్యలో దూరాడు. వెనకనున్న వ్యక్తి మొదట గొంతు సవరించుకుంటాడు, తరువాత అతని వంక తేరిపార చూస్తాడు, ఆపైన ‘వరుస అటునుంచి ఉందండీ’ అంటాడు. అప్పటికీ కదలకపోతే మరో ఇద్దరు గొంతు కలుపుతారు. కౌంటర్‌లోని ఉద్యోగిని గానీ కాపలాదారుణ్ణి గానీ పిలవడం అన్నిటికన్నా చివరి మాట. మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్, ఆయన సహచరులు న్యూయార్క్ నగరంలోని వరుసల్లో కావాలనే మనుషులను దూర్చి చేసిన ప్రయోగాల ఫలితాలు 1986లో వెలువడ్డాయి. అభ్యంతరాలు ఎక్కువగా వెనకనున్నవారి నుంచే వచ్చాయనీ, ఒక్కరికి బదులు ఇద్దరు దూరితే ప్రతిఘటన పెరిగిందనీ అవి తెలిపాయి. అంటే నియమాన్ని కాపాడే బాధ్యత అందరి మీదా సమానంగా పడదు. నష్టం ఎవరికి దగ్గరగా ఉందో వారే ముందుగా నోరు విప్పుతారు. మీ పరిశీలనలో కూడా ‘ఎవరు అడ్డుచెప్పారు, ఎవరు ఊరుకున్నారు’ అన్న వివరాన్ని తప్పకుండా నమోదు చేయండి. చాలా నివేదికల్లో లోపించేది ఇదే.

నియమం దొరికాక సంస్థ వైపు నడవాలి. సామాజిక సంస్థ అంటే భవనమో కార్యాలయమో కాదు; ఒక ముఖ్యమైన సామాజిక అవసరం చుట్టూ స్థిరపడిన అంతస్తులు (అంటే సమాజంలో వ్యక్తులకుండే స్థానాలు), పాత్రలు (ఆ స్థానాల్లో ఉన్నవారి నుంచి ఆశించే ప్రవర్తన), నియమాలు, వాటిని నిలబెట్టే విలువలు కలిసిన ఏర్పాటు. ఫలానా పాఠశాల మూతపడవచ్చు, విద్య అనే సంస్థ మాత్రం మిగులుతుంది. మొదట చెప్పిన తరగతి గదినే తీసుకోండి: అధ్యాపకుడు నిలబడి ఉంటాడు, విద్యార్థులు కూర్చుని ఉంటారు. మాట్లాడాలంటే చెయ్యి ఎత్తాలి, గంట కొట్టేదాకా కదలకూడదు. పాఠం చెప్పడం ఇక్కడ అందరూ అంగీకరించే ప్రయోజనం. వేళకు రావడం, పేరు పిలిస్తే పలకడం, అపరిచితుడైన అధికారి మాట వినడం కూడా ఇక్కడే అలవడతాయి, కానీ ఎవరూ వాటిని ఆ పాఠం లక్ష్యంగా రాసుకోరు. రాబర్ట్ మెర్టన్ 1949లో వివరించిన వ్యక్త ప్రకార్యాలు (అందరూ ఎరిగి, ఉద్దేశించిన ప్రయోజనాలు), గుప్త ప్రకార్యాలు (ఎవరూ ఉద్దేశించకుండానే నెరవేరేవి) అన్న విభజన ఇటువంటి చోటే అక్కరకు వస్తుంది. అయితే ప్రకార్యం చెప్పగానే విశ్లేషణ ముగిసిందనుకోకూడదు. ఈ ఏర్పాటు ఎవరికి మేలు చేస్తోంది, దాని భారం ఎవరి మీద పడుతోంది అన్న ప్రశ్నను మార్క్స్ సంప్రదాయం మన ముందుంచింది, దాన్ని దాటవేసిన విశ్లేషణ నా దృష్టిలో సగమే. ఒక సంస్థ ఉపయోగపడుతోంది కనుకనే పుట్టిందని రాయడం కూడా పొరపాటు. ఉపయోగం వేరు, పుట్టుకకు దారితీసిన చారిత్రక కారణం వేరు.

సామాజిక నియంత్రణ దగ్గరికి వచ్చేసరికి చాలామంది చట్టం, పోలీసు, న్యాయస్థానం అని రాసి ఆగిపోతారు. ఎడ్వర్డ్ రాస్ 1901లోనే ఈ అంశం మీద ఒక గ్రంథమంతా రాస్తూ ప్రజాభిప్రాయం, విశ్వాసం, విద్య, ఆచారం వంటివాటిని చట్టం పక్కన నిలబెట్టాడు. 1906లో విలియం గ్రాహం సమ్నర్ లోకరీతులనూ (మామూలు అలవాట్లు, మర్యాదలు) లోకనీతులనూ (నైతికంగా తప్పనిసరి అనుకునే నియమాలు) వేరుచేసి చూపాడు: మొదటివాటిని మీరితే నవ్వుతారు, రెండోవాటిని మీరితే సహించరు. కాబట్టి నియమభంగానికి వచ్చే ప్రతిస్పందన తీవ్రతను గమనిస్తే, ఆ నియమానికి సమాజం ఎంత విలువ ఇస్తోందో తేలుతుంది. శిక్షతో పాటు మెప్పును కూడా లెక్కలోకి తీసుకోండి. పొగడ్త, బహుమతి, పదోన్నతి సైతం నియంత్రణ సాధనాలే.

అన్నిటికన్నా బలమైన నియంత్రణ లోపలి నుంచి వచ్చేది. నియమాన్ని ఎందుకు ఉల్లంఘిస్తారు అన్న ప్రశ్నను ట్రావిస్ హిర్షి 1969లో తిరగవేసి, అసలు ఎందుకు పాటిస్తారు అని అడిగాడు. ఆప్తుల పట్ల అనుబంధం, ఇప్పటిదాకా కూడబెట్టుకున్నది పోతుందన్న జంకు, రోజువారీ పనుల్లో మునిగి ఉండటం, నియమం సరైనదేనన్న నమ్మకం అని నాలుగు బంధాలను ఆయన పేర్కొన్నాడు. సామాజీకరణ ద్వారా, అంటే సమాజపు పద్ధతులను చిన్ననాటి నుంచి నేర్చుకునే క్రమంలో, బయటి నియమం మన మనస్సాక్షిగా మారిపోయాక కాపలా అవసరం చాలావరకు తగ్గుతుంది. ఆజ్ఞలను జనం న్యాయసమ్మతంగా ఎందుకు భావిస్తారన్నదానికి మాక్స్ వెబర్ సంప్రదాయం, వ్యక్తి ఆకర్షణ, చట్టబద్ధత అనే మూడు ఆధారాలు చూపాడు. మీ సందర్భంలో ఏది పనిచేస్తోందో తేల్చడానికి, ‘ఆయన మాట ఎందుకు వింటున్నారు’ అని అక్కడివారినే నేరుగా అడగడం మేలు.

నియమం తప్పినవారి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. హోవర్డ్ బెకర్ 1963లో వాదించినట్టు, విచలనం, అంటే నియమం తప్పడం అనేది చర్యలో సహజంగా ఉండే గుణం కాదు. ఒక నియమాన్ని రూపొందించి, ఫలానావారికి వర్తింపజేసి, వారికి ముద్ర వేయడం వల్ల ఏర్పడేది. ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరికి మందలింపు, మరొకరికి బహిష్కరణ దక్కితే, ఆ తేడాను వారి స్వభావాల్లో వెతకడానికి ముందు అంతస్తులో, లింగంలో, వయసులో, వర్గంలో వెతకండి.

రాసేటప్పుడు మీరు కళ్ళారా చూసినదాన్ని, అక్కడివారు చెప్పిన కారణాలను, మీ వ్యాఖ్యానాన్ని మూడు వేర్వేరు పేరాల్లో ఉంచండి. అదే సందర్భాన్ని మరోచోట, మరో వేళలో ఇంకొకసారి చూసి, రెండుచోట్లా మారనిది ఏమిటో, మారినది ఏమిటో పక్కపక్కన రాసిన తరువాతే సంస్థ గురించి ఒక నిర్ధారణకు రండి.