పచ్చ గోడ రాత్రికి నల్లబడుతుంటే: నా అనుభవం

ముదురు పచ్చ గోడ రాత్రి నల్లగా కనిపించకుండా ఏం చేశారని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. మణికొండలో మా హాల్లో ఒక గోడకి మరకతపచ్చ రంగు వేయించాం. పగలు కళకళలాడేది, రాత్రి లైటు వేస్తే నల్లబల్లే. ఇంకో కోటు, షేడ్ మార్చడం, ఎక్కువ వాట్ల బల్బు, ఏదీ పనిచేయలేదు.

కుదిరింది లైట్ల దగ్గరే. అదే పెయింట్ వేసిన అట్టముక్క, కొనాలనుకున్న కుషన్ల రంగు చూడ్డానికి కెంపురంగు పట్టుగుడ్డ పట్టుకుని ట్రూప్ బజార్ (హైదరాబాద్‌లో లైట్ల షాపులుండే చోటు) వెళ్లి, వెలుగుతున్న బల్బుల కింద పెట్టి చూశాను. 2700 కెల్విన్ (వెలుగు రంగు చెప్పే అంకె, తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ తెలుపు) పసుపు వెలుగులో నీలం వాటా తక్కువ. ముదురు పచ్చ, నీలం కళ తప్పుతాయి. డబ్బా మీద 4000 కెల్విన్, సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి తీసుకున్నా. కెంపు కోసం ఆర్9, అంటే ముదురు ఎరుపు ఎంత బాగా కనిపిస్తుందో చెప్పే అంకె కూడా అడగండి (షాపువాళ్లు వింతగా చూస్తారు, పర్లేదు). తర్వాత ఎలక్ట్రీషియన్‌తో ట్రాక్ లైట్లని (సీలింగ్ పట్టీకి బిగించి, కావలసిన వైపు తిప్పుకునే లైట్లు) గది మధ్య నుంచి జరిపించి, గోడకి సుమారు రెండడుగుల దూరంలో, వెలుగు నేరుగా గోడ మీద పడేలా తిప్పించాను. అసలు తేడా ఇక్కడే వచ్చింది. కెంపు, నీలం కుషన్లు ఆ తర్వాతే కొన్నాం.

మాది మ్యాట్ పెయింట్. గ్లాసీ అయితే ఇదే కోణంలో మెరుపు కళ్లకి కొట్టొచ్చు. పగటి వెలుగు అసలే రాని గదికి ఇది చాలుతుందో లేదో మాత్రం చెప్పలేను.