కడుపుతో ఉన్నవాళ్లకు సీసం భయం లేని పసుపు ఎలా చేసుకోవాలి?

అమ్మాయి నెల తప్పిందనగానే కుంకుమపువ్వు కొనడానికి పరుగెడతారు, పోపులపెట్టెలో పసుపు సంగతి ఎవరికీ పట్టదు. రంగు రావాలని కొన్నిచోట్ల పసుపుకు లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు పట్టిస్తారు. అందులో ఉండేది సీసం. అది మాయ (ప్లసెంటా) దాటి బిడ్డకు చేరుతుంది.

కావాల్సినవి అరకిలో కొమ్ములు, మిక్సీ, జల్లెడ, మూత ఉన్న గాజు డబ్బా. అంతే.

మొదటి పని కొమ్ములు ఏరుకోవడం, అందరూ చెడగొట్టేదీ ఇక్కడే. "పొడి కాదు, కొమ్ములే కొన్నాంగా" అని ధీమాగా ఉంటారు. కానీ ఆ రంగు కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడే కలిపేస్తారు! నున్నగా, అన్నీ ఒకే పచ్చరంగులో మెరుస్తుంటే అక్కడే వదిలేయండి. మంచి కొమ్ము గరుకుగా, కాస్త మట్టిరంగులో, చూడ్డానికి ఏమంత బాగోదు. ఒకటి విరిచి చూడండి, లోపలి రంగు కంటే పైతోలే ఎక్కువ మెరుస్తుంటే వద్దు. అరచేతిలో రుద్దితే పసుపు దట్టంగా అంటుకున్నా వద్దు. ఇవి అనుమానించడానికే, తేల్చి చెప్పేది ల్యాబ్ ఒక్కటే.

పసుపును గ్లాసు నీళ్లలో వేసి కల్తీ తేల్చేయొచ్చనే వీడియోలు నమ్మొద్దు. లెడ్ క్రోమేట్ నీళ్లలో దాదాపు కరగదు, అడుక్కి దిగుతుంది, మంచి పసుపూ అడుక్కే దిగుతుంది, ఇంక తేలిందేమిటి? కడిగితే పగుళ్లలోది పోదు, ఎంత మరిగించినా సీసం సీసమే.

నన్నడిగితే సంక్రాంతి తర్వాత పచ్చి కొమ్ములు తెచ్చి, ఉడికించి, చక్రాలుగా తరిగి ఎండబెట్టుకోవడమే పద్ధతి, మిగతావన్నీ రాజీలే. పుటుక్కున విరిగాక మిక్సీ పట్టి జల్లించండి. పిండిమరకి మాత్రం పంపొద్దు, మీకంటే ముందు ఎవరి పసుపు ఆడారో ఏం తెలుసు.

ఇక తిండి. చిన్నప్పటినుంచి ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో దాగుంటుంది, కాల్షియం చాలకపోతే ఎముకతో పాటు అదీ కరిగి రక్తంలోకి వస్తుంది. అందుకే పాలు, పెరుగు, రాగులు, డాక్టర్ రాసిన కాల్షియం మాత్రలు మానకూడదు. ఐరన్ మాత్ర వేరే పూట వేసుకోవాలి, ఐరన్ తక్కువైనా సీసం ఎక్కువ ఒంటబడుతుంది. బలపాలు, మట్టి తినాలనిపిస్తే, వాటిలోనూ సీసం ఉండొచ్చు, దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పండి.

ఇంట్లో ఎవరైనా సీసం ఉండే పాత బ్యాటరీలు విప్పే పని చేస్తుంటే పసుపు ఒక్కటే మారిస్తే చాలదు, రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి.