బానిస విముక్తి దస్తావేజు చదవడం – మూడో పాఠం: జేమ్స్ హెమింగ్స్ పత్రం

గత పాఠంలో అమెరికాలోని వర్జీనియాలో బానిస విముక్తి చట్టం మారిన తీరు చూశాం. 1723 నుంచి గవర్నరు, ఆయన మండలి ఒప్పుకుంటే తప్ప యజమాని తనంతట తానుగా బానిసను విడిచిపెట్టడానికి వీల్లేదు. 1782 చట్టం ఆ అనుమతి అవసరాన్ని తీసేసింది. యజమాని వీలునామా గాని దస్తావేజు గాని రాసి, సంతకం చేసి, ముద్ర వేస్తే చాలు. అయితే దాన్ని ఇద్దరు సాక్షులు కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో రుజువు చేయాలి, లేదా యజమానే స్వయంగా వచ్చి ఒప్పుకోవాలి. ఈసారి అలాంటి పత్రాన్ని ఒకదాన్ని ముందు పెట్టుకుని చదువుదాం.

ఇది 1796 ఫిబ్రవరి 5న, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ రాసిచ్చినది. విడుదలైన మనిషి జేమ్స్ హెమింగ్స్, జెఫర్సన్ వెంట 1784లో ఫ్రాన్స్ వెళ్ళి పారిస్‌లో వంట నేర్చుకున్నవాడు. పత్రం సారం ఇది: ఆల్బెమార్ల్ కౌంటీకి చెందిన జెఫర్సన్ అనే నేను, బెట్టీ హెమింగ్స్ కుమారుడు, ఇప్పుడు ముప్పై ఏళ్ల వయసు గల జేమ్స్‌ను విముక్తుణ్ణి చేశాను. ఇకపై అతడు తన వస్తువులతో సహా స్వతంత్రుడు. దాస్యానికి సంబంధించిన ఏ బాధ్యతా అతడికి లేదు. నాకు గాని, నా వారసులకు గాని, నా ఆస్తి నిర్వాహకులకు గాని అతడి చేత ఏ సేవా చేయించుకునే హక్కు ఇక ఉండదు.

భూమి క్రయ దస్తావేజు ఎప్పుడైనా చదివినవారికి ఆ చివరి మాటల బాణీ తెలిసే ఉంటుంది. అక్కడ చేతులు మారేది పొలం, ఇక్కడ మనిషి తనకు తానే దక్కుతున్నాడు. చదివే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే. ప్రతి మాట దగ్గరా ఆగి, ‘ఇది ఎవరి నోరు మూయడానికి రాశారు?’ అని అడగండి.

వయసుతో మొదలుపెడదాం. నలభై అయిదు దాటినవారిని, ఇరవై ఒకటి నిండని మగవారిని, పద్దెనిమిది నిండని ఆడవారిని విడిచిపెట్టినా వారి పోషణ పాత యజమానిదేనని 1782 చట్టం చెప్పింది. ముసలివారిని విడిచి చేతులు దులుపుకుంటే ఆ భారం కౌంటీ మీద పడుతుందన్న భయం అది. ముప్పై అని రాస్తే కౌంటీకి పేచీ ఉండదు.

‘తన వస్తువులతో సహా’ అన్నది చిన్న మాటే కాని గట్టిది. బానిస ఒంటి మీది చొక్కా కూడా చట్టం దృష్టిలో యజమానిదే. ఆ మాట లేకపోతే రేపు ఎవరైనా అతడి పెట్టె మీద చెయ్యి వేయవచ్చు.

ఇక తల్లి పేరు. వర్జీనియాలో 1662 నుంచి బిడ్డ స్థితి తల్లి స్థితినే అనుసరించేది. అందుకే బెట్టీ పేరు ఉంది, తండ్రి పేరు లేదు. ఆ తండ్రి జాన్ వేల్స్ అని ఎక్కువమంది చరిత్రకారులు అంగీకరిస్తారు. వేల్స్ జెఫర్సన్‌కు స్వయానా మామగారు. అంటే విముక్తుడు విముక్తి ఇచ్చినవాడి భార్యకు సవతి తమ్ముడు! దస్తావేజు ఆ ఊసే ఎత్తదు.

ఎత్తనిది ఇంకోటి కూడా ఉంది. 1793 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ ఒక హామీ పత్రం రాశాడు. మరొకరికి వంట బాగా నేర్పితే జేమ్స్‌ను విడిచిపెడతానని అందులో ఉంది. జేమ్స్ తన తమ్ముడు పీటర్‌కు నేర్పాడు. విడుదలకు రెండేళ్లకు పైగా పట్టింది. ఈ దస్తావేజు ఒక్కటే చదివితే యజమాని ఉదారంగా ఇచ్చిన దానంలా కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే పనికి ప్రతిఫలంగా సంపాదించుకున్న విడుదల అని తేలుతుంది. కారణం చెప్పని పత్రం కనబడితే అంతకు ముందటి కాగితాల కోసం వెతకండి.

వారసుల నోరు మూయించిన పత్రం అప్పులవాళ్ల నోరు మూయించలేదు. విముక్తికి ముందు యజమాని చేసిన అప్పు కింద విడుదలైన మనిషిని కూడా జప్తు చేయవచ్చని 1792 చట్టం చెబుతుంది. జెఫర్సన్‌కు అప్పులు తక్కువేమీ కావు.

కిందిభాగం చూడండి. జాన్ కార్, ఫ్రాన్సిస్ ఆండర్సన్ సాక్షులు. సంతకమైన తేదీనీ, కోర్టుకు చేరిన తేదీనీ విడివిడిగా రాసుకోండి. 1782 చట్టం ప్రకారం ధృవీకరించిన నకలును విముక్తుడికి ఇవ్వాలి, గుమాస్తాకు అయిదు షిల్లింగుల రుసుము యజమానే కట్టాలి. ఆ నకలు లేకుండా కౌంటీ దాటితే జైలే.

అభ్యాసం: జార్జి వాషింగ్టన్ 1799 జూలైలో రాసిన వీలునామాలో బానిసల గురించిన భాగం తీసుకోండి. వెంటనే విడుదలైనది ఎవరు, భార్య మరణం దాకా ఆగాల్సింది ఎవరు, కస్టిస్ (ఆయన భార్య మొదటి భర్త) ఎస్టేటుకు చెందినవారిని ఆయన ఎందుకు విడిపించలేకపోయాడు? మూడింటికీ జవాబులు రాసి పెట్టుకోండి. విడుదలైనవారు పన్నెండు నెలల్లో రాష్ట్రం వదిలిపోవాలన్న 1806 చట్టంతో నాలుగో పాఠం మొదలవుతుంది.