బ్లడ్ ఆల్కహాల్ రిపోర్టులో తేడానా? ముందు ట్యూబు చూడండి

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. పరిమితి ఇంత తక్కువైనప్పుడు శాంపిల్ నిల్వలో చిన్న పొరపాటు జరిగినా ఫలితం అటూ ఇటూ అయిపోవచ్చు.

సమస్య: రెండోసారి పరీక్షిస్తే అంకె తగ్గింది

ఎక్కువగా కనిపించేది ఇదే. మూత వదులుగా ఉన్నా, ట్యూబు సగమే నిండి పైన గాలి మిగిలినా ఆల్కహాల్ ఆవిరైపోతుంది. మూత గట్టిగా ఉన్నా ఆ గాలిలోని ఆక్సిజన్, హిమోగ్లోబిన్ కలిసి ఆల్కహాల్‌ను మెల్లగా ఎసిటాల్డిహైడ్‌గా మార్చేస్తాయి. వేడి పెరిగేకొద్దీ ఇది వేగంగా జరుగుతుంది, ట్యూబులో ప్రిజర్వేటివ్‌గా వేసే ఫ్లోరైడ్ పొడి దీన్ని ఆపదు.

పరిష్కారం: ట్యూబు నిండా రక్తం తీసి 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టాలి. పదేపదే మూత తీయకూడదు. రెండో పరీక్ష కోసం ఇంకో ట్యూబు సీలు విప్పకుండా దాచాలి.

సమస్య: అంకె పెరిగింది, లేదా "నేను తాగలేదు" అంటున్నారు

కాండిడా లాంటి ఈస్టులు, కొన్ని బ్యాక్టీరియాలు రక్తంలోని గ్లూకోజ్‌ను ఆల్కహాల్‌గా మార్చగలవు. కోర్టులో డిఫెన్సు వాదనకు ఇది బాగా పనికొస్తుంది. కానీ దానికి సూక్ష్మజీవులు ట్యూబులో చేరాలి, శాంపిల్ వెచ్చగా ఉండాలి, ప్రిజర్వేటివ్ చాలకపోవాలి. బతికున్న మనిషి నుంచి శుభ్రంగా తీసి చల్లగా ఉంచిన రక్తంలో ఇలా జరగడం అరుదు.

అసలు చూడాల్సింది ట్యూబు. షుగర్ టెస్టుకు వాడేదీ గ్రే క్యాప్ ట్యూబే, ఫోరెన్సిక్ పరీక్షకు వాడేదీ గ్రే క్యాప్ ట్యూబే. రంగు చూసి రెండూ ఒకటే అనుకుంటారు. సాధారణంగా షుగర్ ట్యూబులో మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఉంటే, ఫోరెన్సిక్ ట్యూబులో 10 దాకా ఉంటుంది. లేబుల్ చదవండి. రక్తం తీశాక ట్యూబును ఎనిమిది, పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి. లేకపోతే పొడి అడుగునే ఉండిపోతుంది, రక్తం గడ్డకడుతుంది.

ఇంకో సంగతి: పొడిచే చోట స్పిరిట్ దూది వద్దు, ఆల్కహాల్ లేని అయోడిన్ ద్రావణం చాలు. నిల్వతో సంబంధం లేకపోయినా లాయరు మొదట అడిగేది ఇదే.

సమస్య: పోస్ట్‌మార్టం రక్తంలో ఆల్కహాల్

ఇక్కడ అనుమానం న్యాయమే. కుళ్లడం మొదలైతే శరీరంలోనే ఆల్కహాల్ తయారవుతుంది. కంటిలోపలి ద్రవాన్ని కూడా పరీక్షకు పంపి రెండు ఫలితాలనూ పోల్చాలి.

సమస్య: నిల్వ సరిగ్గా జరిగిందని చూపలేకపోతున్నారు

రక్తం తీసిన సమయం, ఫ్రిజ్‌లో పెట్టిన సమయం, సీలు వివరాలు అప్పటికప్పుడే రిజిస్టరులో రాయండి. మే నెలలో జిల్లా నుంచి ల్యాబ్‌కు పంపేటప్పుడు ఐస్ ప్యాక్‌లున్న డబ్బాలో పెట్టి, ల్యాబ్‌కు చేరిన సమయం కూడా రాయించుకోండి.