సోమశిలల బోటు దించాలంటే

కొల్లాపూర్ దాటి ట్రైలర్ మీద బోటు తెచ్చేటోళ్లు ముందుగాల అడిగేది, "అన్నా, యాడ దించుతరు?" అని. నిరుడు దించిన జాగనే ఈసారి పనికొస్తదని లేదు. ఈడ ఉండేటివి శ్రీశైలం డ్యాం ఎనక నిలిచిన నీళ్లు, డ్యాం నిండితే మట్టం 885 అడుగులు. ఎండకాలం నీళ్లు దిగితే మునిగిన సంగమేశ్వరం గుడే బయటపడతది, ఇగ ఒడ్డు సంగతి చెప్పేదేముంది! నీళ్లు ఎనక్కి జరిగినకాడ పైపొర ఎండి గట్టిగ కనపడతది, కింద ఒండ్రు మెత్తగనే ఉంటది. బండి పైన్నే ఆపి, చెప్పులిడిసి నీళ్లదాక నడువుండ్రి. మడిమ దిగితే ఆడ బండి దింపొద్దు. మొరం, గులకరాళ్లున్న వాలు చూస్కోండ్రి. మెట్ల ఘాటు దిక్కు పోనే వద్దు, ఆడ జనం తానాలు చేస్తరు.

తొవ్వల జాగ్రత్త బండికి ట్రైలర్ తగిలిచ్చే హుక్కుకాడ్నే. బోటు, ట్రైలర్ కలిపి మొత్తం బరువుల పదో వంతుకు తక్కువ గాకుంట హుక్కు మీద పడాలె. 600 కిలోలుంటే 60 కిలోలన్నట్టు. ఎనక బరువెక్కువైతే స్పీడుల ట్రైలర్ తోకాడిస్తది. గొలుసులు రెండూ హుక్కు కింద అడ్డంగ ఒకదాని మీదొకటి దాటేసి తగిలియ్యాలె. హుక్కు ఊడినా ట్రైలర్ కొన రోడ్డుకు గుద్దకుంట వాటి మీద ఆగుతది.

ఒడ్డుకు రాంగనే నీళ్లల్ల దించేటోళ్లను చూస్తే నాకు కోపమొస్తది. జడ్చర్ల నుంచి ఉరికొచ్చిన చక్రాల బేరింగులు కాలుతుంటయి. చల్లటి నీళ్లు తగిలితే ఆ నీళ్లను లోపలికి గుంజుకుంటయి. చక్రం నడుమ చెయ్యి పెట్టి చూడుండ్రి, వేడి తగ్గేదాక ఆగుండ్రి. అప్పటిదాక పనేం తక్కువ లేదు: అడుగున బొక్కకు బిరడా బిగించుడు, ఎనక బెల్టులు ఇప్పేసుడు, లైట్ల వైరు పీకుడు, మూతికి పొడుగు తాడు కట్టుడు. ముందట బోటును ట్రైలర్‌కు గుంజి పట్టే వించి బెల్టు మాత్రం ఇప్పుడే ముట్టొద్దు. మోటరు పైకే లేపి ఉంచాలె.

రివర్సుకు స్టీరింగు కిందిభాగం పట్టుకోండ్రి. చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ అటే తిరుగుతది. సైగ చేసేటోడు ఒక్కడే ఉండాలె. నలుగురు నాలుగు దిక్కుల ఒర్లితే డ్రైవరు ఆగమైతడు. బండి లోపల డ్రైవరు తప్ప ఎవ్వరు ఉండొద్దు, అద్దాలు దించుకోవాలె. బోటు ఎనక భాగం తేలంగనే ఆపి, హ్యాండ్ బ్రేకు, ఫస్టు గేరు, టైర్ల ఎనక రాళ్లు. అప్పుడు వించి ఇప్పి, తాడు పట్టుకొని నూకుండ్రి.

మోటరు దించేముందు లోపల నీళ్లూరుతున్నయా చూడుండ్రి. స్టార్టు చేసినంక మోటరు పక్క నుంచి దాన్ని చల్లబరిచే నీళ్ల సన్నటి ధార రావాలె, రాకుంటే వెంటనే బంద్ చెయ్యాలె. లైఫ్ జాకెట్లు ఒడ్డుమీదనే తొడగాలె. పుట్టీల మీద పోయేటోళ్లు వలలేసి ఉంటరు, తేలే డబ్బాలు కనపడితే దూరంగ తిరిగి పోండ్రి, వలలు మోటరు ఫ్యానుకు చుట్టుకుంటయి.

వాపస్ ఎక్కించినంక బిరడా ఇప్పి నీళ్లు కార్చుండ్రి. చక్రం మూత తీస్తే గ్రీజు పాలలెక్క తెల్లగైందా, నీళ్లు దూరినట్టే. ఆ గ్రీజు కడిగి కొత్తది నింపినంకనే రోడ్డెక్కుండ్రి.