ఉసిరి లేహ్యం ఎందుకు పాడవుతోంది? లక్షణం చూసి కారణం పట్టుకోండి

కార్తీకం వచ్చిందంటే హైదరాబాద్ రైతుబజార్లలో ఉసిరికాయలు కుప్పలుగా దిగుతాయి. దీపాలకు కొన్ని, పచ్చడికి కొన్ని పోగా మిగిలినవాటితో చలికాలానికి లేహ్యం చేసుకునే ఇళ్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. పచ్చడికి చేతులు అలవాటుపడి ఉంటాయి కాబట్టి అది ఎలాగూ కుదురుతుంది. పేచీ అంతా లేహ్యంతోనే. ఒకరింట్లో సంక్రాంతి దాటినా చెక్కుచెదరదు, పక్కింట్లో పది రోజులకే బూజు పడుతుంది. వెంటనే అందరూ దినుసులను అనుమానిస్తారు, బేగంబజార్‌లో పాత పిప్పళ్లు అంటగట్టారని. దినుసుల వల్ల లేహ్యం చెడిపోవడం అరుదు. నీళ్లు, ఇనుము, ముందు ఈ రెండింటినీ అనుమానించాలి.

కొలతలు ఒకసారి చెప్పుకుందాం. కిలో ఉసిరికి కిలో బెల్లం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ల పొడి ఒక్కో చెంచా, కొన్ని యాలకులు, నాలుగు చెంచాల నెయ్యి, పూర్తిగా చల్లారాక కాస్త తేనె. కాయలను ఇడ్లీ పాత్రలో తొనలు విచ్చుకునేదాకా ఆవిరి మీద ఉడికించి, గింజలు తీసి, గుజ్జు చేసి, వడకట్టిన బెల్లం పాకంలో వేసి సన్న సెగ మీద దగ్గరపడేదాకా కలపాలి. దినుసుల పొడి, నెయ్యి చివర్లో.

మూత తీయగానే బుస్సుమంటోంది, లోపల బుడగలు, కల్లు వాసన

పులిసిపోయింది. తీపి ఎంత ఉన్నా, అందులో నీళ్లు మిగిలితే ఈస్ట్ పెరుగుతుంది. చక్కెర తగినంత చిక్కగా ఉంటే నీటినంతా తనే పట్టేసుకుని ఈస్ట్‌కు మిగల్చదు. కిలో కాయకు కిలో బెల్లం వేసేది తీపి కోసం ఒక్కటే కాదు. 'షుగర్ ఎందుకులే' అని అరకిలోకు తగ్గించేసి, బయట అలమరలో పెట్టేవాళ్ల లేహ్యమే ముందు పులుస్తుంది. బెల్లం తగ్గించడం తప్పు కాదు. తగ్గిస్తే కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుని, రెండు మూడు వారాల్లో అయిపోగొట్టాలి.

బెల్లం సరిగ్గానే వేసినా పులిసిందంటే, దించడంలో తొందరపడ్డారు. వేడి మీద లేహ్యం నిజంగా దగ్గరపడిందో లేదో కంటికి ఆనదు. స్టీల్ ప్లేటు మీద అర చెంచా వేసి రెండు నిమిషాలు ఆగి చూడండి. ముద్ద చుట్టూ సన్నగా, మెరుస్తూ ఒక నీటి అంచు ఊరుతోందంటే ఇంకా తడి ఉన్నట్టే. వేలితో మధ్యలో గీత గీస్తే రెండు వైపులా కలిసిపోకుండా నిలబడాలి, అంచు పొడిగా ఉండాలి. అప్పుడు దించవచ్చు. ఈ పరీక్ష చేసేటప్పుడు పొయ్యి కట్టేయండి, లేకపోతే అక్కడ గిన్నెలో అడుగంటుతుంది.

చేసిన రోజో మర్నాడో పల్చగా ఉందని తెలిస్తే భయం లేదు, మళ్లీ పొయ్యి మీద పెట్టి దగ్గరకు తెచ్చుకోవచ్చు. తేనె కలిపేశాక ఆ తంటా వద్దు, ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయండి. ఇప్పటికే కల్లు వాసన వస్తున్నదాన్ని మాత్రం మరిగించి బాగు చేద్దామనుకోకండి. పారేయడమే.

లోపల బాగుంది, పైన మాత్రం బూజు

ఇది వంట తప్పు కాదు, సీసాలోకి ఎత్తిన పద్ధతి తప్పు. గోరువెచ్చగా ఉండగానే మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి, చుక్కలుగా మళ్లీ లేహ్యం మీదే పడుతుంది. ఆ చుక్క పడ్డచోట తీపి పలచబడుతుంది, అక్కడే బూజు మొదలవుతుంది. డిసెంబరులో మన ఊళ్లో పగలు ఎండ, తెల్లవారుజామున గజగజ. వెచ్చని వంటింట్లో రాత్రి మూసిన సీసాకు పొద్దున్నే లోపల చెమట పట్టడం అందుకే. పూర్తిగా చల్లారేదాకా సీసా మీద పలచని గుడ్డ కట్టి ఉంచండి, మూత తర్వాత. సీసాను ముందే కడిగి ఎండలో తడి లేకుండా ఆరబెట్టాలి. తడి చెంచా సంగతి అమ్మమ్మలందరూ చెప్పిందే, మళ్లీ చెప్పను.

బూజును పైపైన తీసేసి మిగతాది తినే అలవాటు మానుకోండి. కంటికి కనిపించేది కొంతే, దాని వేర్లు లోపలికి దిగి ఉంటాయి.

నల్లగా సిరాలా మారింది

ఉసిరిలో వగరుకు కారణం టానిన్లు. అవి ఇనుముతో కలిస్తే నల్లబడతాయి, పాతకాలంలో రాసుకునే సిరా చేసిందీ ఈ పద్ధతిలోనే. ఇనుప మూకుడు, ఇనుప అట్లకాడ, పాత కత్తి, వీటిలో ఏది తగిలినా రంగు మారుతుంది. ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీటిలో ఉడికించినా అంతే. కుళాయి నీళ్లతో బాగా వచ్చిన లేహ్యం ట్యాంకర్ నీళ్లతో నల్లబడితే ఆ నీటినే అనుమానించాలి. ఇనుము వల్ల నల్లబడినది తినడానికి ప్రమాదమేమీ లేదు, రుచిలో కాస్త లోహపు వాసన ఉంటుందంతే. ఈసారి మందపాటి స్టీల్ గిన్నె, చెక్క గరిటె, ఫిల్టర్ నీళ్లు వాడండి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు మాత్రం అస్సలు వద్దు. ఉసిరి పులుపుకు ఆ లోహం లేహ్యంలోకి దిగుతుంది, అది ఒంటికి మంచిది కాదు. ముదురు బెల్లంతో వచ్చే గోధుమ రంగును చూసి కంగారు పడనక్కర్లేదు.

రాయిలా గట్టిపడింది, లేదా పంటికి గరగరలాడుతోంది

గట్టిపడితే పాకం ముదిరింది. ఈమధ్య థర్మామీటరు పెట్టి చేసేవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. సముద్రం పక్క ఊరివాళ్లు 105 డిగ్రీలు అని రాస్తే మనకు 103 చాలు. వాళ్ల లెక్కనే పట్టుకుంటే చల్లారాక చెంచా దిగదు. ప్లేటు పరీక్షకు ఈ గొడవ లేదు, ఏ ఊళ్లోనైనా ఒకటే.

గరగర చక్కెరతో చేసినవాళ్లకే ఎక్కువ. గిన్నె అంచుకు ఎండిన పలుకులను గరిటెతో గీకి లోపలికి తోస్తే పాకమంతా పలుకు కడుతుంది. రెండింటికీ మందు ఒకటే: పావు కప్పు వేడి నీళ్లు పోసి, సన్న సెగ మీద పూర్తిగా కరిగించి, మళ్లీ ప్లేటు పరీక్షకు నిలిచేదాకా ఉంచాలి. పైన పోసిన తేనె ఒక్కటే గడ్డకడితే అది చలి ప్రభావం. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే చాలు.

చెంచాతో ఎత్తితే జిగురు తీగలు

దాల్చినచెక్క పొడి పని. తడి తగిలితే ఆ పొడి జిగురు వదులుతుంది. పొడి మానేసి, చెక్క ముక్కను పాకంలో వేసి దించేముందు తీసేయండి. కల్లు వాసన, బుడగలు లేకపోతే తినొచ్చు.

వగరు పోవడం లేదు, నోట్లో పీచు

లేత కాయలు కొన్నారు. ఆకుపచ్చ తగ్గి, పసుపు తిరిగి, వెలుతురులో కాస్త మిలమిలలాడే ముదురు కాయ చూసుకోండి. ఆలస్యంగా దొరికినా డిసెంబరు కాయే లేహ్యానికి మంచిది. కాయలకు ఫోర్కుతో గాట్లు పెట్టి ఒక రాత్రి ఉప్పు నీళ్లలో నానబెట్టి, కడిగి వండితే వగరు చాలావరకు దిగుతుంది. పీచుకు జల్లెడే శరణ్యం. మిక్సీని ఎంత తిప్పినా పీచు ముక్కలవుతుంది గానీ పోదు.

రోజూ తింటున్నా జలుబు తగ్గలేదు

ఇందులో లేహ్యం తప్పేమీ లేదు, ఆశించడంలోనే తేడా. జలుబు వైరస్‌తో వస్తుంది, విటమిన్ సి దాన్ని రాకుండా ఆపదు. ముందునుంచీ రోజూ అందుతుంటే జలుబు ఉండే రోజులు కొద్దిగా తగ్గొచ్చు. ముక్కు కారడం మొదలయ్యాక సీసా తెరిస్తే పెద్ద ఫలితం ఉండదు. పైగా ఉడికించినప్పుడు విటమిన్ సి కొంత పోతుంది. దాని కోసమే అయితే పచ్చి ఉసిరి ముక్కలు ఉప్పు, కారం అద్దుకుని తినడం మేలు. లేహ్యంతో గొంతుకు హాయిగా ఉంటుంది, రుచిగా ఉంటుంది, నాకు ఆ మాత్రం చాలు.

షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం కూడా చక్కెరే, 'ఇంట్లో చేసిందే కదా' అనే మినహాయింపు లేదు. కొందరు అతిమధురం కలుపుతారు. అది బీపీని పెంచుతుంది, బీపీ మందులు వేసుకునేవాళ్లకు వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె కలిపింది నాకించకూడదు, బొట్టు కూడా. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం, పిల్లికూతలు ఉన్నా లేహ్యం పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.